గుద్దుకున్న పాత కారు: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

ప్రమాదంలో దెబ్బతిన్న పాత కార్ల గురించి నగరం నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మాది 2013 పెట్రోల్ వ్యాగనార్. 86,000 కిలోమీటర్లు తిరిగింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. నాగోల్ దగ్గర ముందు వెళ్తున్న ట్రాలీ ఆటోకు వెనక నుంచి తగిలింది. బంపర్, బానెట్, రెండు హెడ్‌లైట్లు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఎడమ ఫెండర్ పోయాయి. కంపెనీ సర్వీస్ సెంటర్ రూ. 1,48,000 అంటోంది. మా వీధి షెడ్డు మేస్త్రీ రూ. 82,000కు చేసిస్తానంటున్నాడు. ఉన్నదున్నట్టు ఇస్తే రూ. 65,000 ఇస్తానని ఒక వ్యాపారి అడిగాడు. దెబ్బ తగలకముందు ఇలాంటి బండికి రూ. 2,10,000 దాకా పలికేది. ఏం చేయమంటారు?
— ఉప్పల్ పాఠకుడు

జవాబు: ఈ అంకెలన్నిటికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. దెబ్బ పైరేకుల దగ్గరే ఆగిందా, లోపలి చట్రం దాకా వెళ్లిందా? బంపర్, బానెట్, ఫెండర్ బోల్టులతో బిగించినవి. విప్పి వేరేవి వేసుకోవచ్చు. ఇంజిన్‌కు అటూ ఇటూ ముందుకు వచ్చే రెండు పెట్టెలాంటి దూలాలను షెడ్డుల్లో చాసిస్ లెగ్ అంటారు. వాటి పైన, ముందు చక్రాన్ని కప్పుతూ ఉండే లోపలి రేకు ఆప్రాన్. ఇవి వెల్డింగ్‌తో బాడీలో కలిసిపోయి ఉంటాయి. లారీకి ఉన్నట్టు మీ కారుకు విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. అది వంగితే బిల్లూ పెరుగుతుంది, బాగయ్యాక బండి ధరా పడిపోతుంది.

కొంతవరకు మీరే చూసుకోవచ్చు. ముందు తలుపులు నాలుగైదు సార్లు తీసి వేయండి. ఎత్తి వేయాల్సి వచ్చినా, తలుపుకూ ఫెండర్‌కూ మధ్య సందు పైన సన్నగా కింద వెడల్పుగా ఉన్నా అనుమానించాలి. స్టీరింగ్ నిటారుగా ఉంచి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు పక్కలా టేపుతో కొలవండి. తర్వాత బానెట్ ఎత్తి ఆప్రాన్ అంచు చూడండి. కంపెనీలో వేసిన స్పాట్ వెల్డింగ్ చిటికెన వేలి గోరంత గుండ్రటి గుంటలుగా వరసగా కనిపిస్తుంది. ఆ వరస పక్కన పూసిన సీలెంట్ మీద వెంట్రుకంత పగులు ఉన్నా, పెయింట్ పెచ్చులు లేచినా రేకు కదిలినట్టే.

చివరి మాట ఐమూల కొలతది. దాన్ని మేస్త్రీతోనే, బంపర్, రేడియేటర్ విప్పాక తీయించాలి. ఎడమ స్ట్రట్ (ముందు చక్రం మీది షాక్ అబ్జార్బర్) పైబోల్టు నుంచి కుడి చాసిస్ లెగ్ చివరి రంధ్రానికి ఒక కొలత, కుడి బోల్టు నుంచి ఎడమ లెగ్ చివరికి రెండోది. రెండిటి మధ్య 3 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. సెంటీమీటరు దాటిందంటే ఫ్రేమ్ మిషన్ మీద బాడీని లాగాల్సిందే. సుత్తితో కొట్టి ‘సెట్ చేస్తా’ అనే చోట ఈ పని అప్పగించకండి.

రెండోది ఇంజిన్. రేడియేటర్ పగిలాక బండిని ఎంతదూరం నడిపారు? రోడ్డు పక్కకు తీయడం వరకైతే ఫర్వాలేదు. కూలెంట్ లేకుండా రెండు మూడు కిలోమీటర్లు ఇంటిదాకా తెచ్చి ఉంటే అల్యూమినియం హెడ్ వంగిపోయి, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి తీసి చూడండి. ఆయిల్ పాలరంగుకు తిరిగి చిక్కబడితే నీళ్లు కలిశాయని అర్థం. అనుమానముంటే ప్రతి సిలిండర్ కంప్రెషన్ చూపించమనండి. రేకు పనికి అడ్వాన్స్ ఇచ్చాక ఇంజిన్ పని బయటపడితే వెనక్కి రాలేని పరిస్థితి వస్తుంది.

ఇప్పుడు అంకెలు. మేస్త్రీ చెప్పిన రూ. 82,000 పైపైన చూసి చెప్పింది. ఇలాంటి అంచనాల్లో ఫ్యాన్ మోటారు, ఏసీ రిసీవర్ డ్రయర్, గ్యాస్, బానెట్ లాక్, హారన్లు, హెడ్‌లైట్ వైరింగ్, ఇంజిన్ మౌంటింగ్ తప్పిపోతుంటాయి. కండెన్సర్ పగిలి రోజుల తరబడి తెరుచుకుని ఉంటే డ్రయర్ తేమ పీల్చేస్తుంది. దాన్ని మార్చకుండా గ్యాస్ ఎక్కిస్తే కంప్రెసర్‌కే ముప్పు. జీఎస్టీ కలిసిందో లేదో కూడా అడగండి. అన్నిటికీ కలిపి 20 శాతం పైన వేసుకుంటే దాదాపు రూ. 98,000 అవుతుంది.

బాగయ్యాక దెబ్బ సంగతి దాచకుండా అమ్మితే పాత ధర రాదు. చట్రం బాగున్న బండికి 15 శాతం తగ్గించుకున్నా రూ. 1,78,500. ఖర్చు తీసేస్తే మీకు మిగిలేది దాదాపు రూ. 80,000. ఇవాళ వ్యాపారి ఇస్తానన్న రూ. 65,000తో పోలిస్తే రూ. 15,000 ఎక్కువ. దానికోసం మూడు నాలుగు వారాలు షెడ్డు చుట్టూ తిరగాలి, ఆ తర్వాత కొనేవాళ్లను వెతకాలి. సర్వీస్ సెంటర్‌లో చేయించి అమ్మితే మిగిలేది రూ. 30,000, అంటే చేతులారా నష్టపోవడమే. కాబట్టి అమ్మే ఉద్దేశంతో బాగు చేయించకండి. ఉన్నదున్నట్టే ఇచ్చేయండి. కాకపోతే ఒక్క బేరంతో ఆగకుండా, సెకండ్ హ్యాండ్ డీలరును, విడిభాగాలుగా విప్పి అమ్మేవాణ్ని, ఆన్‌లైన్‌లో వేలం పెట్టే కంపెనీని, ముగ్గురినీ అడగండి. కిలోల లెక్కన ధర కడితే ఒప్పుకోవద్దు. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక తలుపులు, అద్దాలు విడిగా అమ్ముడుపోతాయి. సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ఉండే ఖరీదైన లోహాలకు విడిగా గిరాకీ ఉంది.

మీరే ఇంకో మూడు నాలుగేళ్లు నడుపుకోవాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. ఇది రూ. 65,000కు అమ్మి ఇలాంటిదే ఇంకోటి రూ. 2,10,000 పెట్టి కొంటే మీ జేబులోంచి రూ. 1,45,000 పోతుంది. పైగా ట్రాన్స్‌ఫర్ ఖర్చు, కొత్త ఇన్సూరెన్స్, ఆ బండిలో ఏముందో తెలియని భయం. ఇక్కడ రూ. 98,000తో, పుట్టు పూర్వోత్తరాలు తెలిసిన మీ బండే మీ దగ్గర ఉంటుంది. ఐమూలలు సరిపోయి, ఇంజిన్ బాగుంటే షెడ్డులో చేయించుకోండి. చాసిస్ లెగ్ వంగితే మాత్రం రెండో ఆలోచన లేకుండా అమ్మేయండి.

బానెట్, ఫెండర్, హెడ్‌లైట్ పాతవైనా కంపెనీ ఒరిజినల్ దొరికితే మంచిదే. రాణిగంజ్, పుత్లీబౌలి వైపు వెతికితే ఒక్కోసారి మీ రంగులోనే దొరికి పెయింట్ ఖర్చు కూడా తప్పుతుంది. రేడియేటర్, హోస్ పైపులు, బ్రేక్ పైపులు, స్టీరింగ్, సస్పెన్షన్ సామాను మాత్రం కొత్తవే వేయించండి. విప్పిన పాత సామానంతా మీకు చూపించాలని ముందే చెప్పండి.

ఈ ప్రమాదంలోలా కాక తప్పు అవతలి బండిదై, మీకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న పక్షంలో దారి వేరు. ఎఫ్ఐఆర్ ఆధారంగా, ఆ బండి ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల లోపు మీ కారు నష్టానికి దావా వేయొచ్చు. సమయం పడుతుంది గానీ హక్కు మాత్రం ఉంది.

ప్రశ్న: మా 2016 సెడాన్‌కు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఐడీవీ (పాలసీలో రాసుకున్న బండి విలువ) రూ. 2,80,000. ఇంజిన్ 1,200 సీసీ. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ రూ. 2,30,000 వచ్చింది. ‘టోటల్ లాస్ అవుతుందండీ, సంతకం పెట్టండి’ అంటున్నారు. మాకు బండి వదులుకోవాలని లేదు.
— కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: వెంటనే సంతకం పెట్టకండి అమ్మా. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా, అంటే బండి మొత్తం పోయినట్టుగా లెక్కకడతారు. మీ బండికి ఆ గీత రూ. 2,10,000. అయితే పాలసీ ఈ లెక్కను తన షరతులకు లోబడి చూడమంటుంది. అందుకని సర్వీస్ సెంటర్ అంకె పట్టుకుని తేల్చేయడం సరికాదు. సర్వేయర్ ఒక్కో భాగం చూసి వేసిన లెక్కే ఆధారం. రూ. 50,000 దాటిన క్లెయిమ్‌కు లైసెన్స్ ఉన్న సర్వేయర్ చూడాలి. ఆయన రిపోర్టు నకలు రాతపూర్వకంగా అడగండి. బాగు చేయగలిగిన తలుపునూ, మార్చక తప్పని తలుపునూ ఎస్టిమేట్‌లో ఒకే గాటన కట్టి కొత్త తలుపు ధర వేయడం తరచూ జరుగుతుంది. అలాంటివి రెండు మూడు సరిదిద్దితేనే 2,30,000 కాస్తా 1,80,000కు దిగొచ్చు.

దిగితే మీ జేబు నుంచి ఎంత పడుతుందో చూద్దాం. జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చే ఏర్పాటు) లేని పాలసీలో ఐదు నుంచి పదేళ్ల బండికి లోహపు భాగాలపై 40 శాతం కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం. ఫైబర్‌కు 30. అద్దాలకు కోత లేదు, లేబర్‌కూ లేదు. పెయింటింగ్ బిల్లు గుత్తగా ఉంటే అందులో నాలుగో వంతును సామానుగా లెక్కించి దానిలో సగం తీసేస్తారు. రూ. 1,80,000 బిల్లులో లోహం 70,000, ప్లాస్టిక్ వగైరా 40,000, లేబర్ 50,000, పెయింట్ 20,000 అనుకోండి. కోతలు వరసగా 28,000, 20,000, సున్నా, 2,500. ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన తప్పనిసరి డిడక్టబుల్ మీ ఇంజిన్‌కు 1,000. అంటే మీరు పెట్టుకోవాల్సింది రూ. 51,500. పదేళ్లు నిండిన బండికైతే లోహపు కోత కూడా సగానికి చేరుతుంది. కాబట్టి ప్రమాదం నాటికి మీ కారు వయసు ఆర్సీలో చూసుకోండి.

నిజంగానే టోటల్ లాస్ అయితే రెండు దారులు. బండి వాళ్లకు వదిలేస్తే రూ. 2,79,000 రావాలి. ‘ఇవాళ మార్కెట్‌లో ఈ బండికి అంత లేదు’ అని తగ్గించబోతే ఒప్పుకోకండి. టోటల్ లాస్ లెక్కలో పాలసీ నడిచే ఏడాది మొత్తానికీ ఐడీవీయే మార్కెట్ విలువ, దానిలో మళ్లీ తరుగు లేదు. రెండో దారిలో దెబ్బతిన్న బండిని మీరే ఉంచుకుంటారు, దాని తుక్కు విలువ తగ్గించి మిగతాది ఇస్తారు. తుక్కుకు రూ. 70,000 వేలం పలికిందంటే మీకు రూ. 2,09,000 వస్తుంది. అయితే చాలా కంపెనీలు ఆర్సీ రద్దు చేయించి తెమ్మంటాయి. ఆర్సీ పోయాక ఆ బండిని బాగు చేయించినా రోడ్డెక్కించలేరు. కాబట్టి ఉంచుకునే ఉద్దేశం ఉంటే ‘ఆర్సీ నాకే ఉంటుందా’ అన్న ప్రశ్నకు జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే ఏదైనా ఒప్పుకోండి.

మా ఉద్దేశంలో మీ వయసు బండికి రూ. 2,79,000 నగదు మంచి బేరం. ఐదేళ్లు దాటాక ఐడీవీకి పట్టిక ఉండదు, కంపెనీ మీరూ ఒప్పుకున్న అంకే ఐడీవీ. అది ఒక్కోసారి బజారు ధర కన్నా ఎక్కువే ఉంటుంది. అలాంటప్పుడు బండి మీద మమకారంతో డబ్బు వదులుకోవద్దు.

క్లెయిమ్ మీద గొడవ తెగకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల గడిచినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా లకడీకాపూల్ ఏసీ గార్డ్స్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రశ్న: ఎయిర్‌బ్యాగులు రెండూ తెరుచుకున్నాయి. ‘అవి వద్దు సార్, డాష్‌బోర్డు మూసేసి లైటు రాకుండా చేస్తా, సగం ఖర్చు మిగులుతుంది’ అంటున్నాడు మేస్త్రీ. పాత బండే కదా అనిపిస్తోంది.
— మెహదీపట్నం పాఠకుడు

జవాబు: దయచేసి ఆ పని చేయించకండి. లైటు రాకుండా చేయడమంటే బ్యాగు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టర్ పెట్టి, అంతా బాగుందని కంప్యూటర్‌ను నమ్మించడం. రేపు ఆ సీట్లో మీ ఇంట్లోవాళ్లు కూర్చుంటారు. ఎల్లుండి ఏమీ తెలియని ఇంకో కుటుంబం కొనుక్కుంటుంది.

ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మార్చాల్సింది బ్యాగు ఒక్కటే కాదు. స్టీరింగ్‌లోని బ్యాగు, డాష్‌బోర్డులోని బ్యాగు, చీలిన డాష్‌బోర్డు, స్టీరింగ్ కింద తిరిగే స్పైరల్ కేబుల్, ముందున్న క్రాష్ సెన్సర్లు, కంట్రోల్ మాడ్యూల్, ప్రీటెన్షనర్ (గుద్దుకోగానే బెల్టును బిగించేది) ఉన్న ముందు సీటు బెల్టులు, ఇవన్నీ ఒక సెట్. ప్రీటెన్షనర్ ఒక్కసారే పేలుతుంది. ఆ తర్వాత బెల్టు లాగితే బిగుసుకుపోయి ఉంటుంది, లేదా వదులుగా వేలాడుతుంది. బెల్టు కుట్ల దగ్గర పీచులు లేచినా అది పనికిరాదు. విప్పిన బండ్లలోంచి తెచ్చే పాత బ్యాగులూ వద్దు. అవి వాన నీళ్లలో నానిన బండివో కాదో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

కొత్త సెట్‌తో వేసిన బిల్లు, బాగయ్యాక వచ్చే ధరను దాటిపోతే, బ్యాగుల్లేకుండా బాగు చేయించే బదులు ఉన్నదున్నట్టు అమ్మేయండి. పాత కార్లలో ఈ సెట్ ఒక్కటే లెక్కను తిరగేస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

ప్రశ్న: మాది షెవర్లే బీట్. కుడి తలుపు, రన్నింగ్ బోర్డు (తలుపుల కింది రేకు) నలిగాయి. సామాను దొరుకుతుందా?
— నిజాంపేట పాఠకుడు

జవాబు: ఆ కంపెనీ 2017 చివర్లో మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల వంటి వాటికి ఇబ్బంది తక్కువే, బాడీ సామానుకే వెతుకులాట. అందుకే బండిని షెడ్డులో విప్పకముందే కావాల్సిన భాగాల జాబితా రాయించి, ఒక్కోటి ఎక్కడ, ఎంతకు, ఎన్నాళ్లలో దొరుకుతుందో తేల్చుకోండి. విప్పేశాక ఒక్క తలుపు కోసం నెలలు ఆగితే తుప్పు, ఎలుకలు తమ పని చేసుకుపోతాయి. తలుపు పాతది దొరికి, రన్నింగ్ బోర్డు సొట్టవరకే ఉంటే చేయించండి. బి పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య స్తంభం) అడుగు లోపలికి వెళ్లి ఉంటే అమ్మేయడమే మేలు.

ప్రశ్న: ఏపీ 29 నంబరుతో 2011 కారు. బాగా దెబ్బతింది. కబాడీ వ్యాపారి రూ. 48,000 ఇస్తానన్నాడు. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30ల మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఆర్సీ ఇచ్చేయమంటున్నాడు. లోన్ ఎప్పుడో తీరింది గానీ బ్యాంకు పేరు ఆర్సీలో ఇంకా ఉంది. ఇచ్చేయొచ్చా?
— మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: బండి ఇవ్వండి. ఖాళీ సంతకాలు మాత్రం ఇవ్వకండి.

తుక్కుగా మారిన బండికి ఇనుము విలువ ఒకటైతే, దాని చాసిస్ నంబరుకూ ఆర్సీకీ దొంగ బజారులో వేరే విలువ ఉంది. అదే మోడల్, అదే రంగు దొంగ బండి మీద మీ నంబరు కొట్టి, మీ ఆర్సీతో నడిపితే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. దొంగతనం దాకా పోనవసరం లేదు. బండి బాగుచేసి పేరు మార్చుకోకుండా ఎవరైనా నడిపి మనిషిని గుద్దినా చిక్కే. ఆర్టీఏ రికార్డులో పేరున్నవారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి నాలుగు చేతులు మారిందన్న వాదన అక్కడ నిలవలేదు.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. కొనేవాడు దాన్ని బాగుచేసి నడుపుతాడా, కోసేస్తాడా? నడిపేటట్టయితే కొన్నవారి పేరు, చిరునామా, తేదీ నింపిన ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, ఆయన ఆధార్ నకలు, ఫొటో తీసుకోండి. అమ్మిన 14 రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేయాల్సిన బాధ్యత మీది. పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసేదాకా ధరకు అదనంగా కొంత సొమ్ము డిపాజిట్‌గా మీ దగ్గర ఉంచుకుంటారని బేరంలోనే చెప్పేయండి. నిజాయతీగా కొనేవాడు దీనికి అభ్యంతరం చెప్పడు. బండి ఇచ్చిన రోజు తేదీ, గంట, కిలోమీటర్ల రీడింగ్ రాసిన డెలివరీ నోటు మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి.

కోసేటట్టయితే పేరు మార్పిడి అవసరం లేదు, రిజిస్ట్రేషన్ రద్దు కావాలి. బండి ఇక వాడకానికి పనికిరాదని 14 రోజుల్లోపు ఆర్టీఏకు రాసి, ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. దీనికి అన్నిటికన్నా శుభ్రమైన దారి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రం. 2021 నిబంధనల ప్రకారం వాళ్లు బండి తీసుకుని సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. చాసిస్ నంబరున్న ముక్కను విడిగా కోసి భద్రపరుస్తారు. ఆ సర్టిఫికెట్‌తో కొత్త కారు కొనేటప్పుడు పన్నులో రాయితీ వస్తుంది. కబాడీ వ్యాపారి ఇచ్చే ధర నాలుగైదు వేలు ఎక్కువైనా, కొత్త కారు కొనే ఆలోచన ఉంటే ఈ రాయితీని పక్కన పెట్టి పోల్చకండి.

బ్యాంకు పేరు తీయించనిదే ఏదీ కదలదు. లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 తెచ్చి ముందు ఆ పని పూర్తిచేయండి. చలాన్లు కట్టేయండి, ఫాస్టాగ్ మూసేయండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉండి నో క్లెయిమ్ బోనస్ పోగై ఉంటే దాన్ని మీ పేరిట నిలిపినట్టు కంపెనీ నుంచి లేఖ తీసుకోండి. మూడేళ్లలోపు కొనే మరో కారుకు వాడుకోవచ్చు. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు.

ప్రశ్న: మా శాంట్రోకు 14 ఏళ్ల 5 నెలలు. వెనక నుంచి ఆటో గుద్దింది. డిక్కీ, బంపర్ పని రూ. 28,000. త్వరలో 15 ఏళ్లు నిండుతున్న బండికి ఇంత పెట్టొచ్చా?
— అల్వాల్ పాఠకుడు

జవాబు: పెట్టొచ్చు, తుప్పు లేకపోతే. పదిహేనేళ్లకు బండి చచ్చిపోదు. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్ల మీదున్న ఆంక్షలు హైదరాబాద్‌లో లేవు. ఫారం 25తో గడువుకు 60 రోజుల ముందు నుంచి రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో కారుకు ఈ ఫీజును రూ. 5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. తనిఖీలో నెగ్గితే మరో ఐదేళ్లు.

స్టెప్నీ కింద కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తట్టి చూడండి. రన్నింగ్ బోర్డు అడుగున, ముందు చక్రాల వెనక భాగంలో కూడా. గట్టి శబ్దం వస్తే సరే. మెత్తగా మోగి పొరలు రాలితే అక్కడ వెల్డింగ్ పట్టదు, సొట్ట తీస్తుండగానే రేకు చిరుగుతుంది. అలాంటి బండికి రూ. 28,000 పెట్టకండి. రెన్యువల్ ఫీజు కూడా కట్టకుండా అమ్మేయండి.

ప్రశ్న: ముందు ఎడమ పక్క దెబ్బకు షెడ్డులో పని చేయించాం. ఇప్పుడు బండి ఎడమకు లాగుతోంది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా అంతే. ఇంకా ఖర్చు పెట్టాలా, అమ్మేయాలా?
— టోలిచౌకి పాఠకుడు

జవాబు: ముందు కారణం తెలుసుకోండి, అది ఖర్చులేని పని. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు వాలుగా ఉంటాయి కాబట్టి కొద్దిగా ఎడమకు జరగడం సహజమే. చదునైన చోట నడిపి చూడండి. అక్కడా లాగితే ముందు టైర్లు రెండిటినీ అటు ఇటు మార్చండి. లాగుడు కుడికి మారితే తప్పు టైరుది. మారకపోతే పది కిలోమీటర్లు నడిపాక రెండు ముందు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. ఎడమది బాగా వేడెక్కితే బ్రేక్ పట్టేస్తోంది.

ఇవేవీ కాకపోతే అలైన్‌మెంట్ ప్రింటు అడగండి. మన చిన్న కార్లలో చాలావాటికి అలైన్‌మెంట్ షాపులో మార్చగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) సరిచేసే ఏర్పాటు ఉండదు. ఎన్నిసార్లు చేయించినా తేడా రాకపోవడానికి కారణం ఇదే. ఎడమ కుడి క్యాంబర్ల మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఏదో వంగింది. చక్రం వెనక్కి నెట్టుకుపోతే క్యాస్టర్ తగ్గుతుంది, బండి తగ్గిన వైపుకే లాగుతుంది. మీ దెబ్బ ఎడమ పక్క, లాగుడూ ఎడమకే కాబట్టి ముందు అనుమానించాల్సింది దీన్నే. టైరు వెనక అంచుకూ రన్నింగ్ బోర్డుకూ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. ఎడమ వైపు తగ్గిందంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేయి), స్ట్రట్, నకిల్ (చక్రం హబ్ బిగించే దిమ్మ) మూడిటినీ విప్పించి చూడాలి. స్ట్రట్ రాడ్‌ను చేత్తో తిప్పినప్పుడు పైకొన గుండ్రంగా ఊగితే అది వంగినట్టే. లోయర్ ఆర్మ్‌ను కుడిదాని పక్కన నేల మీద పెట్టి పోల్చండి. వంగిన ఆర్మ్‌ను కాల్చి నిటారు చేయిస్తానంటే వద్దనండి, వేడి చేసిన ఇనుము బలం కోల్పోతుంది.

ఈ మూడింట్లో ఏది మార్చినా చిన్న కారుకు భరించగలిగే ఖర్చే, అమ్మడానికి అది కారణం కాదు. మూడూ బాగుండి కొలతలు తప్పితే సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్ బిగించే ఇనుప చట్రం) గానీ, చాసిస్ లెగ్ గానీ జరిగింది. అప్పుడు ఫ్రేమ్ మిషన్ ఉన్న చోట ఎస్టిమేట్ తీసుకుని, ఉన్నదున్నట్టు వచ్చే ధరతో పోల్చి తేల్చుకోండి. షెడ్డుకు ఇంకా బాకీ ఉంటే, ప్రింటులో క్యాంబర్, క్యాస్టర్, టో మూడూ పచ్చ రంగులోకి వచ్చాకే ఇవ్వండి.